ఆ ఆకులు చదివేదెవరు?

పాత ఇంటికి మరమ్మతులు మొదలవుతాయి. అటక దులుపుతుంటే ఓ మూల మసిబారిన గుడ్డమూట కనిపిస్తుంది. విప్పితే రెండు చెక్కల మధ్య తాడుతో కట్టిన తాటాకుల కట్ట. ఆకుల నిండా చీమల బారులాంటి అక్షరాలు. ‘ముత్తాతగారివేమో... ఏం రాశారో ఎవరికి తెలుసు!’ అనుకుంటారు. పారేయడానికి మనసొప్పదు. దండం పెట్టుకుని ఏ ఏట్లోనో కలిపేస్తారు.

తెలుగునాట ఎన్నో తాళపత్రాలు ఇలా భక్తిగానే నీళ్లపాలయ్యాయి!

ఆకు పుస్తకమయ్యేదిలా...

తాటాకునో, శ్రీతాళపత్రాన్నో ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి కొలతకు కోసేవారు. గంటంతో గీసినా అక్షరం కంటికి సరిగా ఆనదు. దీపపు మసిని నూనెతోనో, ఆకుపసరుతోనో కలిపి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. ఆకులకు చిల్లులు చేసి తాడు దూర్చి, చెక్కల మధ్య బిగిస్తే పుస్తకం సిద్ధం.

తేమ, చెద, పురుగు, ఎలుక... దానికి శత్రువులు చాలామందే. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా కొన్ని వందల ఏళ్లే ఆయుష్షు. మరి దాదాపు వెయ్యేళ్లనాటి నన్నయ భారతం మనదాకా ఎలా వచ్చింది? ఒక ప్రతి శిథిలమయ్యేలోగా ఎవరో ఒకరు చదివి మరో ప్రతి రాసుకున్నారు కాబట్టి! అచ్చుయంత్రం వచ్చాక ఆ పని ఆగిపోయింది. అచ్చయినవి బతికాయి. ఆ భాగ్యం లేనివి ఆకుల మీదే ఉండిపోయాయి.

కొండ కింద కొలువు

వాటిని కాపాడాలన్న ఆలోచనతోనే తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక, 1956లో అది దాని చేతికి వెళ్లింది. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు పనిచేసిన చోటది. తాళపత్రాలు, కాగితపు రాతప్రతులు వేల సంఖ్యలో అక్కడికి చేరాయి.

చేరినంత మాత్రాన చదవగలమా? సంస్కృత గ్రంథమే అయినా లిపి తెలుగు కావచ్చు, గ్రంథలిపి కావచ్చు, నందినాగరీ కావచ్చు. పదాల మధ్య ఖాళీ ఉండదు. భాష వచ్చినవారికి లిపి రాదు, లిపి వచ్చినవారికి విషయం తెలియదు. మూడూ తెలిసినవారు దొరకడమే కష్టం.

ఎడారి ఊళ్లోనూ ఇదే కథ

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశంలో, సహారా ఎడారి అంచున టింబక్టు అనే ఊరుంది. అక్కడి కుటుంబాలు రాతప్రతుల్ని తరతరాలుగా ఇళ్లలోని పెట్టెల్లో దాచుకున్నాయి. ఎక్కువభాగం అరబ్బీలో ఉంటే, కొన్ని ఫులానీ, సొంఘాయ్ లాంటి స్థానిక భాషల్లో అరబ్బీ అక్షరాలతో రాసినవి. దాన్ని ‘అజమీ’ అంటారు. సంస్కృతాన్ని మనం తెలుగు అక్షరాల్లో రాసుకున్నట్టన్నమాట!

2012లో సాయుధ మూకలు ఆ ఊరిని ఆక్రమించాయి. అబ్దుల్ ఖాదర్ హైదరా అనే గ్రంథాలయ నిర్వాహకుడు, ఆయన మనుషులు రాతప్రతుల్ని రేకు పెట్టెల్లో సర్ది, గుట్టుగా బళ్ల మీదా పడవల మీదా రాజధాని బమాకోకు తరలించారు. అలా చేరినవి మూడు లక్షలకు పైనే. 2013 జనవరిలో పారిపోతూ ఆ మూకలు నిప్పుపెట్టడంతో సుమారు 4 వేల ప్రతులు పోయాయి. బమాకోలోని తేమ మిగిలినవాటికి ముప్పుగా మారింది. చివరికి 2025 ఆగస్టులో 200కు పైగా పెట్టెలు విమానంలో సొంతూరికి తిరిగొచ్చాయి.

రాగి నిలిచింది... రాగం?

మన దగ్గర నిప్పు పెట్టినవారు లేరు. మరపు చాలు! అన్నమయ్య పాటల్నే చూడండి. ఆయన రాసినవి 32 వేలని ప్రతీతి. ఆకులైతే పాడవుతాయని కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకులకెక్కించారు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని ఓ రాతిగదిలో శతాబ్దాలపాటు ఉండిపోయి, గత శతాబ్దంలో మళ్లీ వెలుగుచూశాయి. దొరికినవి సగంకన్నా తక్కువే. వాటిమీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది. స్వరాలు లేవు! నడుమ పాడేవారు లేక బాణీలు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు మళ్లీ కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. రాగి చెక్కుచెదరకున్నా, అందుకునే గొంతు లేకపోతే పాట సగమే మిగులుతుందన్నమాట.

ఇప్పుడు తాళపత్రాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలైంది. కోటికి పైగా రాతప్రతుల్ని లెక్కకు తెస్తామంటూ 2025లో కేంద్రం ‘జ్ఞాన భారతం’ ప్రకటించింది. మంచిదే! కానీ ఫొటో తీస్తే ఆకు రూపం నిలుస్తుంది, అందులోని మాట మాత్రం చదివే మనిషి కోసం చూస్తూనే ఉంటుంది.

మీ అటక మీదా అలాంటి కట్ట ఉందా? నీళ్లతో కడగొద్దు. ఎండలో పెట్టొద్దు. అంటుకున్న ఆకుల్ని బలవంతంగా విడదీయొద్దు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట ఉంచండి. దగ్గర్లోని విశ్వవిద్యాలయంలోనో, సంస్కృత విద్యాలయంలోనో చూపించండి. ఏట్లో కలిపేముందు ఒక్కసారి... ఒక్కరితోనైనా చదివించండి. తాతగారు ఏం చెప్పాలనుకున్నారో తెలుసుకోవాలిగా మరి!