కంప్యూటరు వేడి - పెద్ద హీట్‌సింకును ఎంచుకొనుట ఎట్లు?

మన సంఘాలలో కొన్నింట, సభ్యుల ఇండ్లలో కొన్నింట జకార్డు డిజైనులు వేయుటకు గ్రాఫు కాగితానికి బదులు కంప్యూటరు వచ్చి చాలాకాలమైనది. అది ఉన్న వారందరికీ వేసవిలో ఒక సంగతి అనుభవానికి వచ్చియుంటుంది. పని మధ్యలో యంత్రం మందగిస్తుంది, లోపలి పంకా గోలపెడుతుంది, ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. గత వైశాఖంలో మా సంఘంలో ఒక చీర కొంగు డిజైను ఆ విధంగానే రెండుసార్లు చెడినది. అట్టలు కొట్టించవలసిన రోజు దాటిపోయి నాలుగు మగ్గాలు ఖాళీగా నిలిచినవి. మగ్గం నిలిస్తే ఎవరి కూలి పోతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. కనుక ఈ విషయం కొంత శ్రద్ధగా తెలుసుకొని వ్రాస్తున్నాము.

కంప్యూటరులో లెక్కలు చేసే చిన్న బిళ్ళను ప్రాసెసరు అంటారు. అది తీసుకొనే విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారుతుంది. చాలా ప్రాసెసర్లకు 95, 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర హద్దు ఉన్నది. ఆ హద్దుకు రాగానే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగం తగ్గించుకొంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే యంత్రం ఆగిపోతుంది. దాని నెత్తిన కూర్చుండి ఆ వేడిని గాలికి అప్పగించే లోహపు దిమ్మె పేరు హీట్‌సింకు.

పెద్ద హీట్‌సింకును విప్పి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. అడుగున రాగి పలక, దాని నుంచి పైకి లేచిన రాగి గొట్టాలు, ఆ గొట్టాలకు గుచ్చిన పలుచని అల్యూమినియం రేకులు. ఈ గొట్టాలలోనే నేర్పంతా ఉన్నది. వాటిలో గాలి తీసివేసి కొద్దిపాటి నీరు పోసి మూసివేస్తారు. గాలి లేనందున ఆ నీరు కొద్దిపాటి వేడికే ఆవిరియై పైకి పోతుంది, రేకుల దగ్గర చల్లబడి మరల నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు రాగిపొడి పొర అంటించియుంటుంది. దీపపు ఒత్తి నూనెను పీల్చునట్లు ఆ పొర నీటిని మరల క్రిందికి తెస్తుంది. ఇట్టి గొట్టాన్ని 1963లో అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు తయారుచేసినాడు. ఇందులో తిరిగే భాగం లేదు, అరిగేదీ లేదు.

పెద్దది ఎందుకు అంటే, రేకుల విస్తీర్ణం ఎక్కువైనకొద్దీ గాలి మెల్లగా వీచినా చాలుతుంది. కంప్యూటరుతోపాటు వచ్చే చిన్న హీట్‌సింకుకు రేకులు తక్కువ, కనుక దాని పంకా పరుగెత్తవలెను. 140 మిల్లీమీటర్ల పంకా వైశాల్యం 80 మిల్లీమీటర్ల పంకాకు సుమారు మూడు రెట్లు. అది నిదానంగా తిరిగినా గాలి సరిపోతుంది. పంకా వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్లు తగ్గుతుంది. పది డెసిబెల్లు తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్లు తోస్తుంది.

ఇక్కడ కొందరు నవ్వవచ్చును. జకార్డు మగ్గం ఆడుతున్న ఇంట్లో పంకా చప్పుడు ఎవరికి వినబడుతుందని. నిజమే, చెవుల కోసమైతే మనకు ఈ ఖర్చు అక్కరలేదు. మేము దీనిని మెచ్చుకొన్నది నూలు నుసి కోసం. పంకా ఎంత గాలి లాగితే అంత నుసిని లాగుతుంది. ఆ నుసి పంకాకు, రేకులకు నడుమ కంబళి ముక్కవలె పేరుకొంటుంది. పైనుంచి చూస్తే పంకా శుభ్రంగానే ఉంటుంది. మా యంత్రం ఆగిపోయినప్పుడు పంకా విప్పి చూడగా వెనుక వేలి మందాన దూది కనబడినది. నిదానంగా తిరిగే పంకాకు ఈ బాధ తక్కువ. అదిగాక, కొంత నుసి పట్టినా వేగం పెంచుకొనుటకు దానికి ఇంకా అవకాశం మిగిలియుంటుంది. చిన్న పంకా అప్పటికే తన శక్తి కొలది తిరుగుతూ ఉంటుంది.

కాబట్టి కొనేవారు మొదట చూడవలసినది రేకుల నడిమి సందు. సన్న నూలుకు వాడే పన్నెవలె రేకులు దట్టంగా ఉన్నవి కాగితం మీద గొప్పగా కనబడతాయి. మన ఇండ్లలో అవే ముందు మూసుకుపోతాయి. సందు వెడల్పుగా ఉండి, పంకాను పనిముట్టు లేకుండా చేతితో ఊడదీయుటకు వీలైనది మనకు మేలు.

రెండవది, పరీక్షల అంకెలు చదివే తీరు. వాటిని ప్రకటించేవారు సాధారణంగా 20, 25 డిగ్రీల చల్లని గదిలో పరీక్షిస్తారు. షోలాపూరులో వైశాఖపు మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటుంది. కావున ప్రాసెసరు ఎన్ని డిగ్రీలకు వచ్చినదని కాక, గదికన్న ఎన్ని డిగ్రీలు ఎక్కువైనదని చూడవలెను. ఉదాహరణకు 22 డిగ్రీల గదిలో 62 చూపితే తేడా 40. అదే పని 42 డిగ్రీల గదిలో చేస్తే సుమారు 82 వస్తుంది. తేడా 60 ఉన్న హీట్‌సింకు అక్కడ 82తో బాగున్నట్లే ఉండి, మన దగ్గర 102కు పోయి హద్దు దాటవలసివస్తుంది. అంటే మన వేసవిలో యంత్రం కుంటుతుందన్నమాట. రెండు హీట్‌సింకులను పోల్చునప్పుడు రెండింటి చప్పుడు సమానంగా ఉన్నప్పటి అంకెలే తీసుకోవలెను. ఒకదాని పంకాను పూర్తి వేగంతో, మరొకదానిని సగం వేగంతో త్రిప్పి పోల్చుట తప్పుడు త్రాసుతో నూలు తూచినట్లే.

ప్రాసెసరు మీద వ్రాసిన వాట్లను కూడ పూర్తిగా నమ్మరాదు. 65 వాట్లని పేరున్నది భారం పడినప్పుడు కొంతసేపు అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడ తీసుకోవచ్చును. పరీక్ష కూడ అయిదు నిమిషాలలో ముగించరాదు. పెద్ద లోహం వేడెక్కుటకు సమయం పడుతుంది. మేము ఒక పెద్ద డిజైనును అరగంట సేపు నడిపి, వేడి నిలకడకు వచ్చిన తరువాతే గది ఉష్ణోగ్రతతో సహా పుస్తకంలో వ్రాసుకొన్నాము.

ఇక రకాల మాట. ఆస్ట్రియా దేశపు నాక్టువా వారు 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ15 ఈ తరగతిలో పేరుపడినది. ఆరు గొట్టాలు, రెండు పెద్ద పంకాలు, పంకాలతో బరువు 1,320 గ్రాములు, ఎత్తు 165 మిల్లీమీటర్లు. పూర్తి వేగంలోనూ 24.6 డెసిబెల్లని తయారీదారులు చెబుతారు. మంచి సరుకే, కాని మన డిజైను పనికి అంత అక్కరలేదు. థర్మల్‌రైట్ వారి పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ దాని ధరలో సగమైనా ఉండదు. చల్లబరచుటలో తేడా కొద్ది డిగ్రీలే. మా ఓటు దీనికే. పంకా లేకుండానే పనిచేసే ఎన్‌హెచ్-పీ1 అనునది 2021లో వచ్చినది. దాని రేకుల సందు చాలా వెడల్పు, నుసి భయం దాదాపు లేదు. అయితే చిన్న ప్రాసెసరుకు, గాలి ధారాళంగా ఆడే పెట్టెకు మాత్రమే అది చాలును. 42 డిగ్రీల గదిలో దానికి పెద్ద పని అప్పజెప్పుట మంచిది కాదు.

బిగించునప్పుడు ప్రాసెసరుకు, రాగి పలకకు నడుమ పూసే పేస్టు పలుచగా ఉండవలెను. కంటికి కనబడని గుంటలను పూడ్చుటకే అది. మందంగా పూస్తే వేడికే అడ్డు. నెలకొకసారి విద్యుత్తు తీసివేసి, పంకా ఊడదీసి, మెత్తని కుంచెతో రేకులు దులపవలెను. గాలి ఊదునప్పుడు పంకా రెక్కను వేలితో పట్టుకొనవలెను, లేకుంటే విపరీతంగా తిరిగి చెడుతుంది. కంప్యూటరును బస్సులో మరో ఊరికి తీసుకొనిపోవునప్పుడు ఇంత బరువైన హీట్‌సింకును ఊడదీసి వేరుగా పట్టుకొనిపోవలెను. కుదుపులకు క్రింది బోర్డు పగిలే ప్రమాదమున్నది.

చివరిగా ఎత్తు. ప్రాసెసరు పైనుంచి పెట్టె ప్రక్క మూత వరకు కొలచి, ఆ కొలత వ్రాసుకొని అంగడికి వెళ్ళవలెను. మేము కొలవకుండా వెళ్ళినాము. అంగడివాడు అన్నిటికీ సరిపోతుందన్నాడు. 165 మిల్లీమీటర్ల ఎత్తు గలదానిని తెచ్చి బిగించగా మూత పడలేదు, వాడు తిరిగి తీసుకోలేదు. అది నేటికీ మా గిడ్డంగిలో పెట్టెతో సహా ఉన్నది. లోపల 170 మిల్లీమీటర్లకు తక్కువ కాని చోటున్న సంఘం వారెవరైనా అడిగినచో కొన్న ధరకు తగ్గించి ఇవ్వగలము.