బండలాగుడు ఎద్దులు, మన కండలు: రెండింటి లెక్కా ఒకటే!

ప్రొద్దుటూరులో జిమ్‌కు పోయే పిల్లోళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, క్రియాటిన్ పొడి వాడొచ్చా?" జవాబు కావాలంటే ముందు కండ ఎట్లా పనిచేస్తుందో చూడాల.

జమ్మలమడుగు, పులివెందుల పక్క తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసింటారు కదా. ఎద్దులు బండను లాగుతాయే గానీ వెనక్కి నెట్టవు. బండ మళ్లీ ఇటు రావాలంటే వాటిని ఇటు తిప్పి లాగించాల్సిందే. కండ కూడా అంతే, దానికి లాగడం ఒక్కటే వచ్చు. మోచెయ్యి ముడవాలంటే ముందున్న బైసెప్స్ ఎముకను లాగుతుంది. చాపాలంటే వెనకున్న ట్రైసెప్స్ లాగాల.

మరి లోపల ఏం జరుగుతుంది? నరం గుండా సిగ్నల్ వస్తుంది, కండ కణంలో కాల్షియం విడుదలవుతుంది. అప్పుడు మయోసిన్ అనే లావు పోగు, ఆక్టిన్ అనే సన్న పోగును పట్టుకుని లాగుతుంది, వదులుతుంది, ఇంకొంచెం ముందు పట్టుకుంటుంది. బావి దగ్గర చేంతాడును చేతులు మార్చి మార్చి లాగినట్టు. పోగుల పొడవు మారదు, ఒకదాని పక్కన ఒకటి జారతాయి. కండ పొట్టిదవుతుంది.

ట్విస్టు ఏందంటే, ఆ పట్టు వదలడానికి కూడా ఏటీపీ కావాల. చనిపోయిన కొన్ని గంటలకు ఒళ్లు కొయ్యబారేది అందుకే. ఏటీపీ అయిపోతే పట్టు విడిపోదు.

బరువు ఎత్తేటప్పుడు కండలో నిల్వ ఉన్న ఏటీపీ 2, 3 సెకన్లకే సరి. ఆ తర్వాత ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో బయటపెట్టింది ఎవరో తెలుసా? సైరస్ ఫిస్క్, ఆయనతో పాటు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! అప్పటిదాకా లాక్టిక్ ఆమ్లమే కండను నడిపిస్తుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవాళ్లు. 1929లో ఈ ఇద్దరే కండలో ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుక్కున్నాడు.

మన భాషలో చెప్పాలంటే ఏటీపీ ఫోన్ బ్యాటరీ, ఫాస్ఫోక్రియాటిన్ పవర్‌బ్యాంక్. గట్టిగా ఎత్తితే అదీ 10 సెకన్ల లెక్కే. మళ్లీ చాలావరకు నిండడానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ఆ పొడి పవర్‌బ్యాంక్‌ను కొంచెం పెద్దది చేస్తుంది, అంతే. పని చెప్పకుండా కండ పెరగదు. కిడ్నీ సమస్య ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోవద్దు. డబ్బా కొనే ముందు ఒక పని చేయండి. భారీ సెట్ అయినాక రీల్స్ చూసైనా సరే, 3 నిమిషాలు కూర్చోండి. ఆ చార్జింగ్ ఫ్రీ.