మంజీర నడక: పోతిరెడ్డిపల్లి పక్కనే ఈజీ ట్రయల్.. కానీ నీటి అంచుకు వెళ్లొద్దు! ఎందుకంటే..

సంగారెడ్డి: వీక్‌ఆఫ్ వచ్చిందంటే పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి ఏరియాల్లో చాలామంది అనంతగిరికో, సిటీలో మాల్‌కో బయల్దేరతారు. కానీ పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే చెట్ల నీడలో, నీళ్లను చూస్తూ నడిచే చోటు ఒకటుంది. అదే కల్పగూర్ దగ్గరి మంజీర అభయారణ్యం. ఇక్కడ కొండలు ఎక్కే పని లేదు. పిల్లలు, పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవొచ్చు. కాకపోతే ఒక్క విషయం మర్చిపోకూడదు. ఈ నీళ్లలో మొసళ్లు ఉన్నాయి.

అసలు ఇది ఏ అడవి?

మంజీర నది మీద కట్టిన బ్యారేజీ వల్ల ఏర్పడిన రిజర్వాయర్ ఇది. హైదరాబాద్‌కు తాగునీళ్లు ఇచ్చే వనరుల్లో ఇదీ ఒకటి. మగ్గర్ జాతి మొసళ్లను కాపాడటం కోసం 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సింగూరు, మంజీర బ్యారేజీల మధ్య నది పొడవునా సుమారు 20 చదరపు కిలోమీటర్లు ఇది విస్తరించి ఉంది. మధ్యలో పుట్టిగడ్డ, కర్ణంగడ్డ లాంటి చిన్న చిన్న దీవులున్నాయి. వాటిపై పక్షులు గూళ్లు కట్టుకుంటాయి.

రౌండ్ ఎలా వేయాలి?

రిజర్వాయర్ చుట్టూ మొత్తం తిరిగి రావాలనుకుంటే కుదరదు. అది చాలా పెద్దది, పైగా పర్మిషన్ లేని చోట్లకు వెళ్లకూడదు. ముందు ఫారెస్ట్ సిబ్బందిని కలవండి. ఎంట్రీ ఉందా, ఎన్ని గంటల వరకు ఉండనిస్తారు, ఏ దారి ఓపెన్‌గా ఉందో అడగండి. వాళ్లు చూపించిన దారిలోనే వెళ్లి, మొదలుపెట్టిన చోటికే తిరిగి రండి.

టైమ్ విషయంలో ఒక చిన్న లెక్క పెట్టుకోండి. గేటు మూసే టైమ్‌కి ఇంకా రెండు గంటలుంటే, అందులో సగం అయ్యేలోపే వెనక్కి తిరగాలి. చీకటి పడ్డాక నీళ్ల పక్కన ఉండకూడదు. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర లేకుండా నేరుగా వెళ్లడం కూడా మంచిది కాదు.

మొసలి ఎందుకు కనిపించదు?

చాలామంది పొరబడేది ఇక్కడే. 'ఏమీ కనిపించట్లేదు కదా' అని నీటి అంచున నిలబడి సెల్ఫీ దిగుతారు. మొసలి నీళ్లలో ఉన్నప్పుడు కళ్లు, ముక్కు రంధ్రాలు మాత్రమే పైకి ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎండు కొమ్మలా ఉంటుంది. పూర్తిగా మునిగి చాలాసేపు కదలకుండా కూడా ఉండగలదు. అది వెంటాడి వేటాడే జంతువు కాదు, కాచుకుని ఉండి ఒక్కసారిగా దూకే జంతువు. అందుకే ప్రమాదమంతా నీటి అంచులోనే. దూరంగా, చెట్ల వైపు నడిచేవాళ్లకు భయం చాలా తక్కువ.

మరి ఎంత దూరం ఉండాలి? మనకంటే పెద్ద మొసళ్లతో బతికే ఉత్తర ఆస్ట్రేలియాలో అధికారులు చెప్పే లెక్క ఇదీ.. నీటి అంచుకు కనీసం 5 మీటర్లు. అంటే సుమారు పదహారు అడుగులు వెనక్కి. ఇక్కడా అదే పాటించండి. సిబ్బంది ఇంకా దూరం ఉండమంటే వాళ్ల మాటే ఫైనల్.

ఏ నెలలో వెళ్తే బెటర్?

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి టైమ్. చల్లటి ఉదయాల్లో మొసళ్లు ఒళ్లు వేడెక్కించుకోవడానికి ఒడ్డున, దీవుల మీద ఎండలో పడుకుంటాయి. దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూడొచ్చు. నోరు తెరిచి ఉందంటే కోపంగా ఉందని కాదు, ఎక్కువైన వేడిని అలా బయటికి వదులుతుంది. హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ బాతులు కూడా ఈ సీజన్‌లోనే కనిపిస్తాయి.

ఎండాకాలంలో మాత్రం ఇంకా జాగ్రత్త. ఫిబ్రవరి చివరి నుంచి మొసళ్లు ఒడ్డున మట్టి తవ్వి గుడ్లు పెడతాయి. పొదగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఆ గూటి దగ్గర తల్లి కాపలా ఉంటుంది. ఇంకో విశేషం ఏంటంటే, పుట్టేది ఆడా మగా అన్నది గూటిలోని వేడిని బట్టి తేలుతుంది. కాబట్టి మట్టి తవ్వినట్టు కనిపిస్తే కెలకొద్దు, వెనక్కి వచ్చేయండి.

ఇవి అస్సలు చేయొద్దు

* కాళ్లు కడుక్కోవడానికి, ఈతకు, బంతి తెచ్చుకోవడానికి నీళ్లలోకి దిగొద్దు.
* మొసళ్లకు మాంసం, తిండి వేయొద్దు. మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని అవి అలవాటు పడితే, తర్వాత వచ్చేవాళ్లకే ప్రమాదం.
* రాళ్లు విసరొద్దు, చెత్త పడేయొద్దు. అభయారణ్యంలో జంతువులను ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.
* పెంపుడు కుక్కను తీసుకెళ్లొద్దు.
* పిల్లల చెయ్యి వదలొద్దు.

వెంట ఏం ఉండాలి?

మనిషికి లీటరు నీళ్లు, టోపీ, పాదం మొత్తం కప్పే బూట్లు, ఫుల్ చార్జింగ్ ఉన్న ఫోన్. గడ్డిలో పాములు ఉండొచ్చు కాబట్టి చెప్పులతో వెళ్లొద్దు. పాము కాటేస్తే కాలు కదపకుండా, గట్టిగా కట్టు కట్టకుండా వెంటనే 108కి కాల్ చేయండి.

ఈ దారి నడవడం చాలా ఈజీ. గుర్తుంచుకోవాల్సిన కష్టం ఒక్కటే.. ఫొటో కోసం నాలుగడుగులు ముందుకు వేయాలనిపించినప్పుడు ఆగడం. ఆ ఫొటో జూమ్ చేసి తీసుకోండి. నీటి అంచు మాత్రం మొసళ్లకే వదిలేయండి.