సముద్రతీరమున మా యిరుగుపొరుగు

సముద్రతీరమునకు విశ్రాంతికై పోవువారు అలలను చూతురు, సూర్యోదయమును చూతురు, గవ్వలేరుకొని యిండ్లకు మరలుదురు. కాళ్ళక్రింది యిసుకలో ఎవరు కాపురముండిరో విచారించువారు తక్కువ. గడచిన మార్చినెలలో మేము పిల్లలతో భీమునిపట్టణమున నాలుగు దినములు గడపితిమి. అక్కడ మాకు పరిచయమైన ప్రాణులను గూర్చియు, వానిలో నొకదానికి వచ్చిన ఆపదను గూర్చియు కొంత మనవి చేసెదను.

భీమునిపట్టణము విశాఖపట్టణమునకు ఈశాన్యమున, గోస్తనీనది సముద్రమున కలియుచోట నున్నది. మొదటి ఉదయము, పాటు సమయమున, మా అమ్మాయి తడి యిసుకపై ముగ్గువంటి దొకటి చూచెను. చిన్న కన్నము చుట్టును మిరియపుగింజలంతటి యిసుక ఉండలు వరుసలు తీరియుండెను. "నాన్నా, ఈ ముగ్గు ఎవరు పెట్టారు?" అని యడిగెను. పెట్టినది గోరంత పీత. అది యిసుకను నోట బెట్టుకొని, అందు అంటియున్న సూక్ష్మమైన ఆహారమును గ్రహించి, మిగిలిన దానిని ఉండచేసి విడిచును. మరల పోటు వచ్చులోపల దాని భోజనము ముగియవలెను.

మా అబ్బాయి యేరి తెచ్చిన శంఖములలో నొకటి ప్రొద్దుటికి గది మూలకు నడచిపోయెను! శంఖము చేసిన నత్త యెన్నడో చనిపోయినది. ఇప్పుడు అందున్నది వేరొక జాతి పీత. దాని వెనుకభాగము మెత్తన; కప్పుకొనుటకు సొంత పెంకు లేదు. కావున ఖాళీ శంఖమును వెదకి యందు దూరును. ఒడలు పెరిగినకొలది పెద్ద యిల్లు వెదకుకొనును. వాడు దానిని ఒడ్డుననే విడిచి వచ్చెను.

మూడవనాటి రాత్రి, తాబేటిగుడ్లకు కాపలాయుండు ఒక ముసలి జాలరి మమ్ము పిలుచుకొనిపోయెను. "దీపం ఆర్పేయండి బాబూ, ఎలుతురు సూస్తే ఎనక్కెలిపోద్ది" అని ముందుగనే హెచ్చరించెను. నక్షత్రకాంతిలో రెండడుగుల డిప్పగల తాబేలొకటి నీటినుండి మెల్లగా పైకి వచ్చెను. దీనిని ఆలివ్ రిడ్లీ యందురు. మన తీరమునకు ఇవి జనవరి మొదలు మార్చివరకు వచ్చును. అది వెనుకకాళ్ళనే చేతులవలె నుపయోగించి, అడుగున్నర లోతు గొయ్యి త్రవ్వి, నూరు గుడ్లవరకు పెట్టి, యిసుక కప్పి, తన బరువుతో అదిమి, వెనుకకు చూడక సముద్రమునకు మరలెను. దాని కన్నుల నీరు చూచి పిల్లలు దిగులుపడిరి. అది దుఃఖము కాదు. ఉప్పునీట బ్రతుకు ఆ జీవి ఒంటిలో అధికమైన ఉప్పు కంటివద్ద గ్రంథులగుండ అట్లు వెలువడును.

అటుపిమ్మట తల్లిపని యిసుకదే. 45 మొదలు 60 దినములవరకు ఆ వెచ్చదనమే గుడ్లను పొదుగును. వేడిమి హెచ్చినచో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు ఎక్కువగా కలుగును. పిల్లలు సాధారణముగా రాత్రివేళ వెలికివచ్చి, వెలుతురు హెచ్చుగానున్న దిక్కునకు పరుగిడును. చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రముమీదిదే. కాని నేడు మన బసల దీపములును, రహదారి దీపములును నేలవైపున వెలుగుచున్నవి. పిల్లలు అటు తిరిగి, కుక్కలకును పీతలకును చిక్కును. మిగిలినవి తెల్లవారినంతట ఎండకు మాడిపోవును.

మరునాటి ఉదయమున ఒడ్డున చచ్చిన తాబేలొకటి కనబడెను. ఒంటిపై గాయములేదు. నీటిలోని జంతువు నీట మునిగి చచ్చునా యని పిల్లలకు ఆశ్చర్యము. తాబేలు మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చును. మరబోట్లు గంటలకొలది ఈడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును. అట్టి వలకు కడ్డీలును, ఒక తలుపును అమర్చు సాధనము కలదు. చేపలు కడ్డీలమధ్యగా సంచిలోనికి పోవును, తాబేలు తలుపుగుండ వెలుపలికి పోవును. ఆ దారినే కొంత చేపయు పోవునని జాలరుల బాధ. అది త్రోసివేయదగిన మాట కాదు. ఆ నష్టము నొక్క జాలరిపైననే మోపుట న్యాయము కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తాబేలును కాపాడుచున్నది. కాని మన తీరమున వేట నిషేధము ఏప్రిల్ 15న గాని మొదలుకాదు. తాబేళ్ళు అంతకుముందే వచ్చును.

వలల సంగతి ప్రభుత్వమును జాలరులును కూడి తీర్చవలసినది. దీపముల సంగతి మన చేతిలోనిది. తీరమున బసచేయువారు ఆ నెలలలో సముద్రపువైపు కిటికీలకు తెరలు వేయుడు. ఒడ్డున చేతిదీపము వెలిగింపకుడు. తాబేలు కనబడినచో వెనుకప్రక్కను దూరముగ నిలువుడు. పిల్లలను చేతులతో ఎత్తి నీట విడువకుడు, వానినే నడవనిండు. ఈ యేడు బయలుదేరిన ఆడపిల్ల తల్లియై గ్రుడ్లు పెట్ట వచ్చుటకు పదియేండ్లకు పైబడి పట్టును. అది వచ్చునాటికి ఒడ్డున కొంత చీకటిని మిగిల్చియుంచుడని నా ప్రార్థన.