మన ఎంగిలి, ఎలుగు ప్రాణం

1967వ సంవత్సరం ఆగస్టు 13వ తేదీ. అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకొని, మోంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ జాతీయోద్యానంలో అర్ధరాత్రి దాటింది. కొండ మీద ఉన్న గ్రానైట్ పార్క్ విడిదిగృహానికి కొద్ది దూరంలో, ఆరుబయట నిద్రిస్తున్న 19 సంవత్సరాల యువతిని ఒక గ్రిజ్లీ ఎలుగుబంటి ఈడ్చుకుపోయింది. విడిదిలోని వారు చీకటిలో వెదకి ఆమెను తీసుకువచ్చారు గాని, ప్రాణం నిలుపలేకపోయారు. తెల్లవారకముందే, కొండల కవతల ట్రౌట్ సరస్సు ఒడ్డున, మరొక గ్రిజ్లీ మరొక యువతిని పొట్టన పెట్టుకున్నది. ఆమె వయస్సు కూడా 19 సంవత్సరాలే.

ఆ ఉద్యానం 1910లో ఏర్పడింది. అప్పటినుంచి ఆ రాత్రి వరకు, 57 సంవత్సరాల కాలంలో, అక్కడ ఎలుగుబంటి చేతిలో ఒక్క మనిషి కూడా చావలేదు. అటువంటిది ఒకే రాత్రి, రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు జంతువులు ఇద్దరిని చంపడమేమిటి? ఉరుములు మెరుపులకు మృగాలు బెదిరి ఉంటాయని కొందరు, వేసవి వేడిమికి మతి చలించి ఉంటాయని కొందరు ఊహించారు. అసలు కారణం అంతకంటె సామాన్యమైనది. అది విడిదిగృహపు పెరటిలోనే ఉన్నది.

ఆ గృహంలో అతిథులు తినగా మిగిలిన పదార్థాలను వెనుకనున్న పల్లంలో పారబోసేవారు. ప్రతి సాయంకాలం గ్రిజ్లీలు వచ్చి ఆ ఎంగిలి తినేవి. అతిథులు వసారాలో నిలబడి ఆ వేడుక చూసేవారు. ఇక ట్రౌట్ సరస్సు ప్రాంతంలో, బాగా చిక్కిపోయిన ఒక ఎలుగుబంటి ఆ వేసవి అంతా శిబిరాల చుట్టూ తిరుగుతూ చెత్త వెదకుకొంటూ, యాత్రికుల మూటలు లాగుకొంటూ ఉండేది. ఆ సాయంత్రం కూడా అది వచ్చి యువతీయువకుల భోజనం ఎత్తుకుపోయింది. రాత్రి మళ్ళీ వచ్చింది. ఆ తరువాత అటవీరక్షకులు తుపాకులు పట్టుకొని బయలుదేరి ఆ పరిసరాలలోని ఎలుగుబంట్లను కాల్చివేశారు.

మనుషుల తిండి రుచి మరిగిన జంతువు మనుషులకు ముప్పు తెస్తుంది. చివరకు తానూ చస్తుంది. అడవిలో శిబిరం వేసే ప్రతి వ్యక్తీ గుర్తుంచుకోవలసిన సత్యం ఇదొక్కటే. తక్కిన జాగ్రత్తలన్నీ దీనినుంచి పుట్టినవే.

వేడుకగా మొదలైన విపత్తు

గ్లేసియర్‌లో జరిగినది కొత్త తప్పు కాదు. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయోద్యానంలో హోటళ్ళ వెనుక చెత్తదిబ్బల వద్ద బల్లలు వేసి, ఎలుగుబంట్లు తినే దృశ్యాన్ని వినోదంగా చూపించేవారు. దారి పక్కన నల్ల ఎలుగుబంట్లు బిచ్చగాళ్ళవలె నిలబడితే, కార్లు ఆపి రొట్టెలు, మిఠాయిలు అందించేవారు. తల్లి పిల్లలకు ఏమి నేర్పితే పిల్లలు అదే నేర్చుకుంటాయి. ఒక తరం ఎలుగులు బిచ్చమెత్తడం తప్ప వేరు వృత్తి ఎరుగకుండా పెరిగాయి. 1931 నుంచి 1969 వరకు ఆ ఒక్క ఉద్యానంలోనే సగటున ఏటా 48 మంది ఎలుగుబంట్ల వలన గాయపడ్డారు.

1970లో అధికారులు పద్ధతి మార్చారు. ఎలుగుబంట్లకు తిండి పెట్టరాదన్న నిబంధనను కఠినంగా అమలు చేశారు. జంతువులు తెరవలేని చెత్తకుండీలు పెట్టారు. చెత్తదిబ్బలు మూసివేశారు. గ్రిజ్లీలను ఏళ్ళ తరబడి పరిశీలించిన క్రెయిగ్‌హెడ్ సోదరులు, అలవాటుపడిన జంతువుల తిండి ఒక్కసారిగా తీసివేయరాదని, క్రమక్రమంగా మాన్పించాలని వాదించారు. వారి మాట నెగ్గలేదు. ఆకలితో శిబిరాల మీద పడ్డ ఎలుగులు పదుల సంఖ్యలో హతమయ్యాయి. 1975లో గ్రిజ్లీని ముప్పులో ఉన్న జీవుల పట్టికలో చేర్చవలసి వచ్చింది. తరువాత పరిస్థితి చక్కబడింది. ఉద్యానంలో గాయపడేవారి సంఖ్య ఏటా సగటున ఒకరికి తగ్గిపోయింది. గ్రిజ్లీల సంతతి కూడా ఆ ప్రాంతమంతటా అనేక రెట్లు పెరిగింది. మనిషి క్షేమం, మృగం క్షేమం ఒకే తాళంచెవితో తెరుచుకున్నాయి.

ముక్కే దాని పంచాంగం

ఎలుగుబంటి మన అన్నం మూట కోసం ఎందుకింత తెగిస్తుంది? చలిదేశాలలో అది శీతకాలమంతా గుహలో ఆహారం లేకుండా నిద్రిస్తుంది. ఆ నిద్రకు ముందు, శరత్కాలంలో, రోజుకు 20,000 కేలరీల వరకు ఆరగించి కొవ్వు కూడబెట్టుకుంటుంది. చిన్న చిన్న పండ్లు ఒక్కొక్కటే కోసుకు తినడం దినమంతా పట్టే పని. యాత్రికుని సంచిలో వేరుసెనగలు, వెన్న, మిఠాయిలు ఒక్కచోటే దొరుకుతాయి. ఎక్కడ ఏ పండు పండిందో, ఏ పుట్ట కదిలిందో దానికి ముక్కే చెప్తుంది. ఆ ముక్కుకు మన సబ్బుకు, పాయసానికి భేదం లేదు. వాసన ఉన్నదంటే అది తినదగినదేమో చూడవలసిందే.

పైగా అది తెలివైనది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయోద్యానంలో నల్ల ఎలుగుబంట్లు కారు తలుపు అంచున గోళ్ళు దూర్చి, డబ్బా మూత విప్పినట్లు వంచడం నేర్చుకున్నాయి. 1998లో అక్కడ అవి 1,300కు పైగా వాహనాలను బద్దలుకొట్టాయి. ఆ ఏడాది నష్టం 6 లక్షల డాలర్లు దాటింది. 2009లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, తక్కిన వాహనాలకంటె కుటుంబాలు ప్రయాణించే మినీ వ్యాన్లనే అవి ఎక్కువగా ఎన్నుకుంటున్నాయి. పిల్లలున్న బండిలో సీట్ల సందులలో బిస్కెట్ల పొడి, ఒలికిన పాలు తప్పక ఉంటాయి కదా!

యోసెమిటీలో శిబిరస్థలాలన్నిటా ఇనుప పెట్టెలు అమర్చారు. తిండి కారులో వదిలినవారికి జరిమానా విధించారు. రాత్రివేళ కావలి పెంచారు. దుర్ఘటనలు తొంభై పాళ్ళకు పైగా తగ్గిపోయాయి. ఎలుగులు మారలేదు. మారినది మనుషుల అలవాటు.

డబ్బా, దూరం, శుభ్రత

పూర్వం యాత్రికులు ఆహారాన్ని సంచిలో కట్టి చెట్టుకొమ్మకు వేలాడదీసేవారు. నేల నుంచి కనీసం 10 అడుగుల ఎత్తున, మానుకు 4 అడుగుల ఎడంగా ఉండాలని నియమం. ఇతర సాధనాలు లేనిచోట ఇది నేటికీ పనికివస్తుంది. కాని యోసెమిటీ ఎలుగులు తాడు కొరకడం, సన్నని కొమ్మ మీదికి పిల్లలను పంపడం నేర్చుకున్నాయి. అందుచేత అక్కడ వేలాడదీయడం ఇప్పుడు నిషిద్ధం. దాని స్థానంలో గట్టి డబ్బా వచ్చింది. మందమైన ప్లాస్టిక్‌తోనో లోహంతోనో చేసిన ఈ గుండ్రని డబ్బాకు పంజా పట్టు చిక్కదు, నోటికి పట్టదు. కొత్త రకం డబ్బాలను ఎల్లోస్టోన్ సమీపంలోని ఒక సంరక్షణశాలలో గ్రిజ్లీలకే ఇచ్చి పరీక్షిస్తారు. లోపల తిండి పెట్టి ఇస్తారు; అవి కొరికి, దొర్లించి, మీద ఎక్కి తొక్కి చూస్తాయి. గంటసేపు తట్టుకున్న డబ్బాయే గట్టిది.

ఇందుకూ ఒక అపవాదం ఉన్నది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎడిరాండాక్ పర్వతాలలో ఒక చిన్న ఆడ ఎలుగు, బిడియస్తురాలని పేరుపొందినది, ఒక రకం డబ్బా మూతను పంటితో నొక్కి తిప్పడం కనిపెట్టింది. తయారీదారులు మూతకు రెండవ మీట పెట్టారు. దానినీ విప్పింది! అందుకే డబ్బా ఒక్కటే చాలదు. ఈ కింది నియమాలు కూడా పాటించాలి.

మొదటిది దూరం. నిద్రించే గుడారం ఒకచోట, వంట ఒకచోట, ఆహారం దాచేది మరొకచోట ఉండాలి. మూడింటి మధ్య సుమారు 100 మీటర్ల ఎడం ఉంటే మేలు. డబ్బాను కొండ అంచున గాని నీటి ఒడ్డున గాని పెట్టరాదు. ఎలుగు దొర్లిస్తే తిరిగి దొరకదు.

రెండవది, ఆహారమంటే అన్నమొక్కటే కాదు. పళ్ళపొడి, సబ్బు, తలనూనె, ముఖానికి రాసుకునే లేపనాలు, మందులు, అగరువత్తులు, ఖాళీ పొట్లాలు, చెత్తసంచి అన్నీ డబ్బాలోకే పోవాలి. మన ఆవకాయ, పులిహోర, ఇంగువ, నేతిమిఠాయిల సంగతి చెప్పనే అక్కరలేదు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు సెలవులలో ఈ ఉద్యానాలకు వెళ్ళేటప్పుడు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కారు వెనుక అరలో మరచిపోయిన ఒక్క పచ్చడిసీసా చాలు.

మూడవది శుభ్రత. వంటచేసిన బట్టలతో గుడారంలో పడుకోరాదు. గిన్నెలు కడిగిన నీళ్ళు శిబిరానికి దూరంగా పోయాలి. మిగిలినది పాతిపెట్టడం, మంటలో వేయడం రెండూ పొరపాటే. పాతినది తవ్వుతుంది, సగం కాలినది వాసన వేస్తుంది. తెచ్చినదంతా తిరిగి మోసుకుపోవడమే మార్గం.

మన కొండలలో, మన ఊళ్ళలో

ఇది పరదేశపు సమస్య అనుకోవద్దు. హిమాలయాలలో నల్ల ఎలుగు, ఇంకా ఎత్తున గోధుమరంగు ఎలుగు సంచరిస్తున్నాయి. కాశ్మీరులోని సోనామార్గ్ ప్రాంతంలో గోధుమరంగు ఎలుగుల పెంటికలలో ప్లాస్టిక్ సంచుల ముక్కలు, మిఠాయి కాగితాలు పరిశోధకులకు కనిపించాయి. రాజస్థాన్‌లోని ఆబూ పర్వతం మీద ఎలుగులు రాత్రివేళ వీధులలోకి వచ్చి చెత్తకుండీలు వెదకడం మామూలైపోయింది. కొండయాత్రకు వెళ్ళే బృందాలకు మన దేశంలో ఆ ప్రత్యేకమైన డబ్బాలు సులభంగా దొరకవు. అయినా వంటగుడారాన్ని పడకగుడారాలకు దూరంగా వేయడం, సరకులను బిగుతైన మూత ఉన్న లోహపు పెట్టెలో ఉంచడం, దిండు కింద బిస్కెట్ పొట్లం పెట్టుకోకుండటం ఖర్చులేని పనులు.

దక్షిణాదిన మనమెరిగిన ఎలుగు వేరు జాతిది. చెదలు, చీమలు, తేనె, నేరేడుపండ్లు, ఇప్పపూలు దాని ఆహారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అది జీడి, పనస తోటలలోకి వస్తుంది. 2022 జూన్‌లో అక్కడి వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగుబంటి పలువురి మీద పడింది. దానిని మత్తుమందుతో పట్టుకున్నారు; కాని ఆ జంతువు కూడా బ్రతకలేదు. తోటలలో రాలిన పండ్లు ఏరివేయడం, వేకువన, మునిమాపున ఒంటరిగా వెళ్ళకపోవడం, నడిచేటప్పుడు బిగ్గరగా మాట్లాడుకోవడం అక్కడి జాగ్రత్తలు. నడకదారిలో తిరుమల కొండ ఎక్కే భక్తులు జంతువులకు ఆహారం వేయరాదన్న హెచ్చరిక వెనుక ఉన్న తర్కమూ ఇదే.

ఎదురుపడితే

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకనాడు దారి మలుపులో అది ఎదురుపడవచ్చు. పరుగెత్తవద్దు. అది గుర్రమంత వేగంగా, గంటకు 50 కిలోమీటర్లు పరుగెత్తగలదు. చెట్టెక్కవద్దు, అదీ ఎక్కగలదు. నిదానంగా మాట్లాడుతూ, వెన్ను చూపకుండా, వెనుకకు అడుగులు వేయండి. పిల్లకూ తల్లికీ మధ్య ఎన్నడూ నిలబడవద్దు. గ్రిజ్లీ గాని, మన దేశపు ఎలుగు గాని మీద పడితే బోర్లా పడుకొని, వేళ్ళు పెనవేసి మెడ వెనుక కప్పుకోవాలి. వీపున సంచి ఉంటే తీయరాదు. అమెరికా నల్ల ఎలుగు మీద పడితే మాత్రం చేతికి దొరికినదానితో ఎదిరించాలి. రాత్రి గుడారంలోకి చొరబడిన ఎలుగు ఏ జాతిదైనా సరే, చచ్చినట్లు నటించరాదు, తిరగబడాలి.

గ్రిజ్లీలున్న చోట యాత్రికులు నడుముకు ఒక పిచికారీ డబ్బా కట్టుకుంటారు. అందులో ఉన్నది మిరపకాయ ఘాటే. ఆ ఘాటు తగిలిన భల్లూకం ప్రాణహాని లేకుండా వెనుదిరుగుతుంది. కాని దానిని ఒంటికి గాని గుడారానికి గాని ముందుగా చల్లుకోరాదు. దోమల మందులాగా అది పనిచేయదు.

కాని పిచికారీ చివరి ఉపాయం. మూత బిగించిన డబ్బా మొదటి ఉపాయం. గ్లేసియర్‌లో ఆ రాత్రి మరణించిన ఇద్దరు యువతులు ఏ ఎలుగుకూ తిండి పెట్టలేదు. వారికంటె ముందు వచ్చినవారు పెట్టిన తిండికి వారు మూల్యం చెల్లించారు. మనం అడవిలో వదిలిన ఎంగిలికి కూడా అంతే: దాని ఫలం మన తరువాత ఆ దారిన వచ్చేవారిది. అందుచేత పడుకోబోయే ముందు ఒక్కసారి లేచి, డబ్బా మూత బిగించామో లేదో చూసుకోండి. ఆ ఒక్క నిమిషం ఎవరో అపరిచితుని ప్రాణం కాపాడవచ్చు. ఒక ఎలుగు ప్రాణం కూడా.