ఓటేసింది పట్నం, మంద పోయింది పల్లెది

అమెరికాల కొలరాడో అని ఒక రాష్ట్రం ఉన్నది. 2020 నవంబర్‌ల అధ్యక్ష ఎన్నికలతోపాటే ఆడ జనాన్ని ఇంకో ముచ్చట అడిగిన్రు. మన రాష్ట్రంల మళ్ల తోడేళ్లను తెచ్చి ఇడవాల్నా, వద్దా? 1940ల నాటికే తుపాకులు, ఉచ్చులు, విషం పెట్టి ఆడ తోడేలు జాతిని లేకుంట చేసిన్రు. ఎనభై ఏండ్లకు వాటిని తిరిగి తెద్దామని ఈ ప్రతిపాదన. 50.9 శాతం మంది కావాలన్నరు, 49.1 శాతం మంది వద్దన్నరు. 30 లక్షలకు పైన ఓట్లు పడితె తేడా 57 వేలే.

కావాలన్నోళ్లు ఎవరు, వద్దన్నోళ్లు ఎవరు అన్నకాడ అసలు కథ ఉన్నది. డెన్వర్, బౌల్డర్ అసొంటి పట్నాలు కావాలన్నయి. అవి రాకీ పర్వతాలకు తూర్పు దిక్కున ఉంటయి. పడమటి దిక్కు పశువులు సాదుకునే పల్లెలు ఎక్కువ. ఆడ చాన కౌంటీలు వద్దన్నయి. గానీ చట్టంల రాసిందేంది? తోడేళ్లను పర్వతాలకు పడమటి దిక్కునే ఇడవాలె అని. అంటె ఓటుతోని గెలిచినోళ్ల ఇంటిముందటికి తోడేలు రాదు. ఓడినోళ్ల కొట్టం కాడికి వస్తది.

పడమటోళ్లు అందరు వద్దన్నరని కాదు. ఆస్పెన్ ఉన్న పిట్కిన్ కౌంటీ పడమరనే ఉన్నది, కావాలని ఓటేసింది. అది పైసలున్నోళ్లు మంచుల జారి ఆడుకునే ఊరు. కాబట్టి దీన్ని ఉత్త పల్లె, పట్నం కొట్లాట అనుడు కన్న, ఎవని బతుకు జీవాల మీద నడుస్తది, ఎవనిది నడవది అని చూసుడు సరైంది.

ఆడ ఏమైందో కొంచెం వివరంగ చెప్పుకుందాం. తోడేళ్లు ఎక్కువున్న పక్క రాష్ట్రాలు వ్యోమింగ్, ఐడహో, మొంటానా ఇయ్యమన్నయి. ఆఖరికి 2023 డిసెంబర్‌ల ఒరెగాన్ నుంచి 10 తోడేళ్లు తెచ్చి ఇడిసిన్రు. 2024 ఏప్రిల్‌ల లేగల మీద పడుడు షురూ అయింది. 2025 జనవరిల కెనడాల బ్రిటిష్ కొలంబియా నుంచి ఇంకో 15 తెచ్చిన్రు. నష్టపరిహారం కింద ఒక పశువుకు 15 వేల డాలర్ల దాక ఇస్తమని ముందే చట్టం చేసిన్రు. ఇది వింటె మన గొల్లకుర్మలు నోరు తెరుస్తరు. ఇంత ఇచ్చినంక ఇగ లొల్లి ఎందుకు?

లొల్లి ఎందుకంటె చచ్చిన లేగను లెక్కపెట్టుడు అలక. బతికున్న మందను లెక్కపెట్టుడు కష్టం. తోడేలు తిరిగే జాగల ఆవులు బెదురుతయి, సక్కగ మేయవు, లేగల బరువు తగ్గుతది, కొన్ని సూడి కట్టవు అని ఆడి పశువులోళ్లు లెక్కలు తీసిన్రు. 2025 మార్చిల ఇద్దరంటె ఇద్దరు రైతులకే 3 లక్షల 40 వేల డాలర్లకు పైన మంజూరు చేయాల్సి వచ్చింది. ఆ నిధికి ఏడాది మొత్తానికి పెట్టింది 3 లక్షల 50 వేలు. ఎక్కువ భాగం చచ్చిన పశువులకు కాదు, ఈ తగ్గిన బరువుకు, కట్టని సూడికి.

పట్నపోళ్లు ఎప్పుడు చెప్పే మాట ఒకటి ఉంటది. రాష్ట్రం మొత్తం పశువులల్ల తోడేలు తినేది చాన తక్కువ, రోగాలకు, చలికి చచ్చేటివే ఎక్కువ అంటరు. ఆ మాట అబద్ధం కాదు. గానీ నష్టం రాష్ట్రం మొత్తం మీద సమానంగ పడదు. తోడేళ్ల గుంపు ఏ లోయల గూడు పెడితె ఆ లోయల ఉన్న నలుగురి మీదనే పడుతది. సగటు లెక్క చెప్పి ఆ నలుగురిని ఊకోబెట్టుడు అన్యాయం అని నేనంట.

స్విట్జర్లాండ్‌ల కూడ ఇదే పంచాయితి. 2020 సెప్టెంబర్ 27న తోడేళ్లను కాల్చే నిబంధనలు సడలించే చట్టం మీద ఓటు పెడితె 51.9 శాతం మంది వద్దన్నరు. పట్నాలు వద్దన్నయి, వలై అసొంటి కొండ ప్రాంతాలు గట్టిగ కావాలన్నయి. మరి తోడేళ్లు గెలిచినట్టేనా? రెండేండ్లు తిరగంగనే, 2022 డిసెంబర్‌ల, పార్లమెంటు ఇంకో చట్టం తెచ్చి ముందస్తుగనే కాల్చేటందుకు దారి తెరిచింది. ఓడినోళ్లను ఇనకుంట గెలిస్తె ఆ గెలుపు ఎన్ని దినాలు ఉంటదో చూడున్రి.

ఇప్పుడు మన దిక్కు వద్దాం. మాది గొర్లు కాసే ఇల్లు. పాలమూరు దిక్కు గట్లల్ల, బీళ్లల్ల తోడేళ్లు తిరుగుడు మా తాతల కాలం నుంచి ఉన్నదే. మన దగ్గర ఎవడు ఓటు పెట్టలే. 1972ల ఢిల్లీల వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తోడేలు దాంట్ల మొదటి షెడ్యూల్‌ల ఉన్నది, అంటె పులితోని సమానం. చంపితె మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాక జైలు. దేశం మొత్తం మీద తోడేళ్లు సుమారు 3,100 ఉంటయని 2022ల శాస్త్రవేత్తలు అంచనా ఏసిన్రు. పులులు కూడ దాదాపు అన్నే. గానీ పులికి అభయారణ్యాలు, పైసలు, జీపులు, టీవీలు ఉన్నయి. తోడేలుకు ఏమున్నది? మన గొర్లున్నయి.

ఎందుకంటె తోడేలు దట్టమైన అడవి జీవి కాదు. గడ్డి బీళ్లు, గుట్టలు, చెల్కల అంచులు దాని జాగ. ఆ జాగనే సర్కారు కాయిదాలల్ల బంజరు అని రాసుకున్నరు. బంజరు అంటె ఎవనికి అక్కర లేనిది అన్నట్టు. అందుకే ఆడ ప్లాట్లు ఏస్తరు, సోలార్ పలకలు పరుస్తరు. మా మంద మేసే జాగ, తోడేలు కుందేళ్లను పట్టుకునే జాగ, రెండు ఒక్కటే కాబట్టి రెండు ఒక్కసారే పోతున్నయి. తినే కుందేలు దొరకకపోతె అది మందకే వస్తది. అటవీ హక్కుల చట్టం 2006ల మేపుకునే హక్కు రాసి ఉన్నది. గానీ అది అడవి భూములకు. రెవెన్యూ బీళ్లకు వర్తించదు.

నాలుగేండ్ల కింద మా చిన్నాయిన మందల నుంచి రాత్రి రెండు పిల్లలు పోయినయి. దరఖాస్తు పట్టుకొని పోతె, తోడేలు అని రుజువేంది, ఊరకుక్కలు తిన్నయేమో అన్నరు. ఆ సారు అడిగిన ప్రశ్నల న్యాయం లేకపోలేదు. నిజంగనే చానసార్లు మందల మీద పడేది ఊరకుక్కలే. గానీ అడవి జంతువు తింటెనే పరిహారం, కుక్క తింటె లేదు. పిల్ల మాత్రం రెండింట్ల పోయినట్టే కదా. చిన్నాయిన మూడుసార్లు తిరిగి, బస్సు కిరాయలు దండుగని ఇడిసిపెట్టిండు.

ఇటు పల్లెటోళ్లం కూడ కొన్ని మాటలు ఒప్పుకోవాలె. 2024ల ఉత్తరప్రదేశ్‌ల బహ్రాయిచ్ జిల్లాల తోడేళ్ల దాడులల్ల మనుషులు చనిపోయిన్రు, ఎక్కువమంది చిన్నపిల్లలు. ఐదు తోడేళ్లను అధికారులు పట్టిన్రు, ఆరోదాన్ని ఊరోళ్లే కొట్టి చంపిన్రు. ఆ తల్లిదండ్రుల ముందట సంరక్షణ పాఠం చెప్పే మొకం ఎవనికి లేదు. గానీ ఆ వీడియోలు చూసి మన వాట్సాప్ గ్రూపులల్ల, కనపడ్డ తోడేలునల్ల చంపాలె అని రాసుడు ఏరే ముచ్చట. మా తాతకు తెలిసిన తోడేలు మనిషిని చూస్తె ఉరికేది. దాన్ని ఆపేటందుకు ఆయన దగ్గర గొంగడి, కట్టె, రెండు మంచి కుక్కలు, రాత్రి నిద్ర లేని కండ్లు ఉండె. కొలరాడోల ఇప్పుడు సర్కారు జీతమిచ్చి గుర్రాల మీద కావలోళ్లను పెట్టింది, కంచెలకు ఎర్ర గుడ్డలు కట్టిపిస్తున్నది. మన కాపరి చేసే కావలికి జీతం ఇచ్చే ఆలోచన ఏ సర్కారుకు రాలే. నా దృష్టిల పట్నం ఇయ్యాల్సింది మొదలు ఇదే. పరిహారం తర్వాత ముచ్చట.

అప్పటిదాక మన చేతుల ఉన్న పని చెప్త. జీవం పోతె కళేబరాన్ని వెంటనే పాతిపెట్టకున్రి. గొంతు మీది గాట్లు, చుట్టుపక్కల అడుగులు, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటోలు తీయున్రి, తేదీ పడేటట్టు. అదే దినం అటవీ బీట్ అధికారికి, పశువుల డాక్టర్‌కు రాతపూర్వకంగ చెప్పి, నకలు మీద సంతకం తీసుకోన్రి. కోపంతోని కళేబరం మీద పురుగుల మందు మాత్రం చల్లకున్రి. దాన్ని మొదలు తినేది తోడేలే అని నమ్మకం లేదు, మీ మంద కుక్కే కావచ్చు.