రొట్టె సాగాలి, కేకు గుల్లగా రావాలి

తెలుగు ఇళ్లలో బ్రెడ్డు చాలాకాలం జ్వరం వచ్చినవాళ్ల తిండి. ఒంట్లో బాగాలేదంటే అన్నం మాన్పించి, వేడిపాలల్లో రెండు ముక్కలు ముంచి పెట్టేవాళ్లు. ఆస్పత్రికి చూడ్డానికి వెళ్లేవాళ్ల సంచిలో పళ్లతోపాటు ఒక బ్రెడ్డు ప్యాకెట్ కూడా ఉండేది. కేకేమో పుట్టినరోజుకూ, క్రిస్మస్‌కూ. రెండూ బేకరీ నుంచి రావాల్సిందే తప్ప ఇంట్లో చేసుకునే వస్తువులని ఎవరూ అనుకోలేదు. అందుకు కారణం ఉంది. మన పొయ్యి కింది నుంచి మాత్రమే కాలుస్తుంది. అట్టుకైనా, చపాతీకైనా అది చాలు. నాలుగంగుళాల మందమున్న రొట్టె లోపలిదాకా ఉడికి పైన ఎర్రగా రావాలంటే అన్ని వైపుల నుంచీ పొడి వేడి తగలాలి.

ఆ వేడి ఇప్పుడు ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్) పేరుతో వంటింటి గట్టు మీదికొచ్చింది. కొన్న కొత్తలో ఒకటి రెండు కేకులు చేసి, అవి గట్టిగా వచ్చాయని దాన్ని అటకెక్కించినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తప్పు ఎక్కువసార్లు ఆ పెట్టెది కాదు. రొట్టెకూ కేకుకూ వాడేది ఒకే మైదా. కానీ ఆ మైదాకు ఒకచోట ఏం చేయాలో, రెండోచోట సరిగ్గా అదే చేయకూడదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా చిట్కాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు పెట్టె గురించి కొంచెం. ఓటీజీ లోపల పైనా కిందా కరెంటుతో కాగే రాడ్లు ఉంటాయి. మనం పెట్టిన వేడి అందగానే థర్మోస్టాట్ వాటిని ఆపేస్తుంది, వేడి తగ్గగానే మళ్లీ వెలిగిస్తుంది. అందుకే బేక్ అవుతున్నంతసేపూ రాడ్లు ఎర్రగా ఉండవు, దానికి కంగారు పడక్కర్లేదు. పిండి పెట్టడానికి ముందు పది పదిహేను నిమిషాలు ఖాళీగా కాగనివ్వడం మాత్రం తప్పనిసరి. చల్లటి పెట్టెలో పెట్టిన కేకు పొంగాల్సిన సమయంలో పొంగకుండా నెమ్మదిగా ఎండుతుంది. చిన్న ఓవెన్లలో పైరాడ్డు టిన్నుకు మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి పైభాగం తొందరగా మాడుతుంది. రంగు వచ్చేశాక పైన వదులుగా ఒక అల్యూమినియం ఫాయిల్ కప్పితే సరిపోతుంది. డయల్ మీద 180 అని ఉన్నా లోపల 160 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. అంత ధర పెట్టి ఓవెన్ కొన్నవాళ్లు దాని లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ కూడా కొనాలని గట్టిగా చెబుతాను.

మామూలు మైక్రోవేవ్ దీనికి బదులు కాదు. అది పిండిలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తుంది. తడి ఉన్నంతసేపూ ఆ వేడి నీరు మరిగే 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రొట్టె మీది ఎర్రదనం, ఇల్లంతా పరుచుకునే ఆ వాసన రావాలంటే పైపొర ఆరి 140 డిగ్రీలు దాటాలి. అప్పుడే మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి కొత్త రంగూ రుచీ ఇస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మాయార్ దీన్ని వివరించాడు కనుక ఈ చర్యకు ఆయన పేరే ఉంది. కన్వెక్షన్ అని రాసి ఉన్న మైక్రోవేవ్ అయితే అందులో విడిగా హీటరూ ఫ్యానూ ఉంటాయి, అది పనికొస్తుంది. ఫ్యాను వేడిగాలిని తిప్పుతుంది కాబట్టి వేడి ఓ 20 డిగ్రీలు తగ్గించి పెట్టుకోవాలి.

ఇక మైదా దగ్గరికి వద్దాం. గోధుమలో గ్లుటెనిన్, గ్లియాడిన్ అని రెండు మాంసకృత్తులున్నాయి. పొడిగా ఉన్నంతసేపూ వాటి ఉనికే తెలియదు. నీళ్లు తగిలి, చేయి కదిలితే రెండూ కలిసి గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. మొదటిది ఆ వలకు బలాన్నిస్తే, రెండోది సాగే గుణాన్నిస్తుంది. జొన్నలో ఈ గ్లూటెన్ లేదు. అందుకే జొన్నరొట్టెకు వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టాలి. చపాతీలా సాగదీయబోతే చిరుగుతుంది. రాగికీ, బియ్యప్పిండికీ అదే వరస.

రొట్టెకు ఈ వలే ప్రాణం. ఈస్ట్ అనేది సూక్ష్మజీవి. అది పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. వల గట్టిగా ఉంటే ఆ వాయువు చిన్నచిన్న బుడగలుగా లోపలే చిక్కుకుని రొట్టె పొంగుతుంది. వల లేకపోతే అది బయటికి పోయి, చివరికి ఇటుక మిగులుతుంది. కాబట్టి రొట్టెపిండిని పిసకాలి, అదీ బాగా.

కొలతలు కష్టమైనవేం కావు. 300 గ్రాముల మైదాకు 190 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచా ఉప్పు, రెండు చెంచాల పంచదార, రెండు మూడు చెంచాల నూనె లేదా వెన్న. చెంచా అంటే టీస్పూను, తలకొట్టి కొలిచింది. నీళ్లు చేతికి గోరువెచ్చగా తగలాలి, అంతే. 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది, అప్పుడు ఎంతసేపు ఆగినా పిండి కదలదు. ఉప్పు రుచికి మాత్రమే కాదు, ఈస్ట్ వేగాన్ని అదుపులో పెట్టి వలను బిగిస్తుంది కూడా. మొదట పిండి చేతికి అంటుకుంటుంది. ఆ దశలో పొడిపిండి చల్లేయాలనిపిస్తుంది. చల్లొద్దు. పది పన్నెండు నిమిషాలు మడిచి నొక్కుతూ పోతే అంటుకోవడం దానంతటదే తగ్గుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతులతో మెల్లగా సాగదీసి చూడండి. చిరగకుండా, వెనక వెలుతురు కనిపించేంత పలచగా వచ్చిందంటే వల తయారైనట్టు.

తర్వాత నూనె రాసిన గిన్నెలో మూతపెట్టి వదిలేయాలి. ఎంతసేపు అన్నదానికి గడియారాన్ని నమ్మొద్దు, పిండిని చూడండి. ఇడ్లీపిండి విజయవాడ ఎండాకాలంలో ఒకలా, హైదరాబాద్ డిసెంబరులో ఒకలా పులిసినట్టే ఇదీ ఊరినీ కాలాన్నీ బట్టి మారుతుంది. మేలో ముప్పావుగంటకే రెట్టింపయ్యే పిండి, చలికాలం రెండు గంటలు తీసుకుంటుంది. రెట్టింపయ్యాక గాలి తీసి, చాపలా చుట్టి, టిన్నులో పెట్టి మరోసారి పొంగనివ్వాలి. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం వరకు లేవాలి. వెంటనే లేస్తే ఇంకా ఆగాలి. అసలు లేవకపోతే ఎక్కువసేపు పొంగిందని అర్థం.

190 డిగ్రీల దగ్గర అరగంట నుంచి 35 నిమిషాలు. ఓవెన్‌లోకి వెళ్లగానే ఈస్ట్ చివరిసారి ఉరుకుతుంది, వాయువు వ్యాకోచిస్తుంది, రొట్టె ఒక్కసారిగా లేస్తుంది. ఆ తర్వాత ఈస్ట్ చచ్చి, పిండిపదార్థం ఉడికి, గ్లూటెన్ గట్టిపడి ఆ ఆకారం నిలబడిపోతుంది. బయట ఎంత ఎర్రబడినా లోపలి గుజ్జు 95 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. తీసి అడుగున వేలితో కొడితే డొల్ల చప్పుడు రావాలి.

గోధుమపిండితో చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చేయొచ్చు గానీ అందులోని తవుడు గ్లూటెన్ వలను అక్కడక్కడా తెంపుతుంది, నీళ్లూ ఎక్కువ తాగుతుంది. సగం మైదా, సగం గోధుమపిండితో మొదలుపెట్టి, నీళ్లు కాస్త పెంచుకోవడం మేలు.

బ్రెడ్డు ఇంట్లో చేసుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. పిండికి బలమిచ్చి రొట్టె బాగా పొంగేలా చేయడానికి బేకరీ పరిశ్రమ పొటాషియం బ్రోమేట్ వాడేది. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తన పరీక్షల ఫలితాలు బయటపెట్టాక, అదే ఏడాది ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దాన్ని అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తీసేసింది. ఆ రసాయనంతో కానిచ్చిన పనిని ఇంట్లో మన చేతులూ, కాస్త సమయమూ చేస్తాయి.

ఇప్పుడు కేకు. ఇక్కడ అంతా తలకిందులు. గ్లూటెన్ ఎంత తక్కువ ఏర్పడితే కేకు అంత గుల్లగా వస్తుంది. రొట్టె తుంచితే సాగాలి, కేకు తుంచితే రాలాలి. కాబట్టి మైదా కలిపాక చేతిని అదుపులో పెట్టుకోవాలి. ఒకే దిశలో తిప్పాలనే మాట మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. దిశకు ఏ మహిమా లేదు, ఎన్నిసార్లు తిప్పారన్నదే లెక్క. పొడిపిండి కనపడకుండా పోగానే ఆపేయండి.

వల లేదు కాబట్టి గంటల తరబడి వాయువును పట్టి ఉంచడం కేకుపిండి వల్ల కాదు. వాయువు త్వరగా పుట్టాలి, పుట్టిన వెంటనే పిండి ఉడికి గట్టిపడాలి. ఆ పని బేకింగ్ పౌడర్‌ది. వంటసోడా, పొడి రూపంలో ఒక ఆమ్లం, రెండూ ముందే కలవకుండా కాస్త పిండిపదార్థం, అంతే అందులో ఉన్నది. 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయనాల వ్యాపారి దాన్ని తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్ట్ పడేది కాదట. తడి తగలగానే దాని పని మొదలవుతుంది. అందుకే పిండి కలిపి పక్కన పెట్టి ఫోన్‌లో మాట్లాడి వస్తే కేకు చప్పబడుతుంది.

బేకింగ్ పౌడర్ కొత్తగా బుడగలు పుట్టించదు, ఉన్నవాటిని పెద్దవి చేస్తుంది. ఆ బుడగలు ముందే వెన్నా పంచదారా గిలకొట్టేటప్పుడు రావాలి. 120 గ్రాముల వెన్న, అంతే పంచదార పొడి తెల్లగా, తేలిగ్గా అయ్యేదాకా గిలకొట్టాలి. వెన్న మెత్తగా ఉండాలి గానీ కరగకూడదు. మన వేసవిలో గట్టు మీద పెట్టిన వెన్న చూస్తుండగానే నూనె అవుతుంది, నూనెలో గాలి నిలవదు. ఆ రోజుల్లో గిన్నెను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. తర్వాత మూడు గుడ్లు ఒక్కొక్కటిగా, ఆఖరున 150 గ్రాముల మైదా, చెంచా బేకింగ్ పౌడర్. గుడ్డు తినని ఇళ్లలో పెరుగూ వంటసోడా వాడతారు. పెరుగులోని పులుపే అక్కడ ఆమ్లం. అది మరీ తొందరగా పనిచేస్తుంది కాబట్టి కలిపిన మరుక్షణం ఓవెన్‌లో ఉండాలి.

కేకులో పళ్లు వేసే విషయంలో మనది సొంత సంప్రదాయం. కేరళలోని తలస్సేరిలో మంబళ్లి బాపు 1883లో క్రిస్మస్ కేకు చేశాడనీ, దేశంలో అదే మొదటిదనీ చెబుతారు. మన బేకరీల కేకుల్లో ఎర్రగా, పచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ అసలు పచ్చి బొప్పాయి ముక్కలే. ఉడికించి, పంచదార పాకంలో నానబెట్టి, రంగు వేసి ఆరబెడతారు. దానికి కిస్‌మిస్, ఖర్జూరం, జీడిపప్పు కలిపి మొత్తం 150 గ్రాములు చాలు. ఎండుపళ్లను ముందురోజు రాత్రే బత్తాయి రసంలో నానేయండి. నానని పళ్లు కేకులోని తడిని తాగేస్తాయి, మర్నాటికి కేకు పొడిపొడి అవుతుంది. పళ్లు అడుగుకు దిగకుండా మైదాలో దొర్లించమంటారు. అది కొంతవరకే పనిచేస్తుంది. పిండి గరిటె నుంచి జారకుండా ముద్దగా పడేంత చిక్కగా ఉండటం, పళ్లు చిన్న ముక్కలుగా ఉండి తడి ఒత్తేసి ఉండటం, ఇవే అసలు ఉపాయాలు.

పళ్లలో చక్కెర ఎక్కువ కాబట్టి వేడి తక్కువ పెట్టాలి. 160 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు. మొదటి అరగంట తలుపు తీయొద్దు, నిలదొక్కుకోని కేకు మధ్యలో కుంగుతుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

చేసిన రోజు తినాల్సింది రొట్టె. చల్లారడానికి గంట ఆగి, అప్పుడు కోయండి. పళ్ల కేకును మాత్రం చుట్టి ఒక రోజు ఉంచితే తడీ రుచీ అంతటా సర్దుకుంటాయి. రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉడికిన పిండిపదార్థం ఆ చలికి బయటికన్నా త్వరగా మళ్లీ గట్టిపడుతుంది. మిగిలితే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు తిన్నగా టోస్ట్ చేసుకోండి. ఓవెన్ కొత్తగా కొన్నవాళ్లు కేకుకంటే ముందు రొట్టెతోనే మొదలుపెట్టండి. కొంచెం అటూ ఇటూ అయినా తినడానికి బాగానే ఉంటుంది, మీ ఓవెన్ ఎక్కడ ఎక్కువ కాలుస్తుందో కూడా తెలిసిపోతుంది.